పూజగది చూశాను, పడక చూడలేదు

మన జగ్గయ్యపేటకు ఆ పేరు ఎలా వచ్చిందో ఈ ప్రాంతపు పెద్దలందరికీ తెలిసినదే. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు బేతవోలు అనే పాత ఊరి చోట తన తండ్రి జగ్గయ్య పేరిట ఈ పేటను వెలయించారు. తండ్రి పేరును ఒక పట్టణానికే పెట్టిన కొడుకు ఆయన. రెండు శతాబ్దాలు గడిచినా ఆ పేరు చెక్కు చెదరలేదు.

అదే పట్టణంలో ఈనాడు నేను చూస్తున్న విషయం ఒకటి మనవి చేస్తాను. ఆలయంలో అర్చన చేయించుకునేటప్పుడు భక్తులు గోత్రనామాలు చెబుతారు. తల్లి పేరు కూడా చెప్పి, ఆమె ఆయురారోగ్యాల కోసం సంకల్పం చెప్పమంటారు. “అమ్మగారు ఎక్కడ ఉంటున్నారు?” అని అడిగితే, “హైదరాబాదులో అన్నయ్య దగ్గర” అంటారు. ఆ అన్నయ్య పండుగకు వచ్చినప్పుడు అడిగితే, “ఇక్కడే తమ్ముడి దగ్గర” అంటాడు. ఆ తల్లి ఇద్దరి దగ్గరా ఉండదు. చిల్లకల్లు దాటి నందిగామ వైపు వెళ్ళే దారిలోనో, మరో పక్కనో, ఒక వృద్ధాశ్రమంలో ఉంటుంది. ఆమె ఉన్న చోటు చెప్పడానికి కన్నబిడ్డలకు సిగ్గు.

ఈ సిగ్గు మంచిదే కదా, ఎంతో కొంత ధర్మభీతి ఉన్నట్లే కదా అని మీరు అనవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. కాని దాచిపెట్టిన చోటికి మనం తరచుగా వెళ్ళలేము. ఆ చోటు ఎలాంటిదని నలుగురినీ విచారించలేము. లోపలికి వెళ్ళి నిలబడి ప్రశ్నించనూ లేము. సంతకాలు చేసి, డబ్బు కట్టి, తల వంచుకుని బయటకు వస్తాము. ఆ వంచిన తల మళ్ళీ ఎత్తి చూడము. వృద్ధులకు కీడు జరిగేది అక్కడే.

పెద్దలను ఆశ్రమంలో ఉంచవచ్చునా, కూడదా అనే చర్చలోకి నేను పోవడం లేదు. దాని మీద ఈ పుటలలో చాలామంది రాశారు. మంచాన పడిన మనిషిని ఎత్తి కూర్చోబెట్టడానికి ఇంట్లో బలమైన చేతులు లేనప్పుడు ఉపన్యాసం అక్కరకు రాదు. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై ఏళ్ళు దాటినవారు 10 కోట్ల పైచిలుకు. వారి బిడ్డలు ఎక్కడెక్కడ ఉన్నారో మన వీధిలో తాళాలు వేసిన ఇళ్ళను చూస్తే తెలుస్తుంది. ఉంచక తప్పనివారు ఆ ఆశ్రమం మంచిచెడ్డలను ఎలా తెలుసుకోవాలన్నదే ఇప్పటి విషయం. నేను తెలుసుకోలేకపోయాను కనుక రాస్తున్నాను.

మా పిన్ని సంగతి ఇది. నా పసితనంలోనే మా అమ్మ పోతే నన్ను పెంచిన తల్లి ఆవిడ. పిల్లలు లేరు, చిన్ననాడే వైధవ్యం. ఎనభై దాటాక పెరట్లో పడి తుంటి ఎముక విరిగింది. విజయవాడలో ఆపరేషన్ చేయించాము కాని మళ్ళీ లేచి నడవలేదు. రెండేళ్ళు ఇంట్లోనే చూసుకున్నాము. నాది తెల్లవారుజామున నాలుగింటికి మొదలయ్యే వృత్తి. నా భార్యకు మోకాళ్ళ నొప్పులు. ఇద్దరం కలిసినా పిన్నిని స్నానపు గదిదాకా చేర్చలేని రోజు వచ్చింది. 2018లో, ఎందరో చెప్పగా, హైవేకు చేరువలోని ఒక ఆశ్రమంలో చేర్చాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు.

ఆ ఆశ్రమాన్ని నేను పరీక్షించకపోలేదు. ఒక పూట అంతా ఉన్నాను. గుమ్మంలో తులసికోట, చక్కని ముగ్గు. ముందు హాలులో పాలరాతి వేంకటేశ్వరస్వామి. ఉదయం విష్ణుసహస్రనామం వినిపిస్తారు, ఏకాదశికి భజన, సాయంత్రం సాంబ్రాణి ధూపం. నుదుట విభూతితో, కుంకుమతో వృద్ధులు వరుసగా కుర్చీలలో కూర్చుని ఉన్నారు. నా మనసు నిండింది. ఆ తరువాత వారు నన్ను పిలిచి ఒక ప్రవచనం చెప్పించి శాలువా కూడా కప్పారు. ఆలయానికి వచ్చే రెండు కుటుంబాలవారు తమ పెద్దలను ఎక్కడ చేర్చాలని అడిగితే, సంకోచం లేకుండా ఆ ఆశ్రమమే చెప్పాను. అర్చకుని మాట అని వారు రెండోమారు ఆలోచించలేదు.

పదిహేను రోజులకు ఒకసారి సాయంత్రం నాలుగు, అయిదు గంటల మధ్య వెళ్ళేవాడిని. అదే వారు పెట్టిన సమయం. స్నానం చేయించి, ఉతికిన చీర కట్టి, చక్రాల కుర్చీలో పిన్నిని ముందు హాలులోకి తెచ్చేవారు. “ఎలా ఉన్నావు పిన్నీ?” అంటే, “బాగానే ఉన్నానురా నాయనా, నువ్వు తిన్నావా?” అనేది. నిర్వాహకుడు పక్కనే చిరునవ్వుతో నిలబడి ఉండేవాడు. రవిక చేతులు వదులై వేలాడుతూ ఉండడం ఒకసారి చూశాను. కొత్త రవిక కొలత సరిగ్గా కుదరలేదనుకున్నాను. చూడండి, కళ్ళ ముందు ఉన్నదానికి మనసు ఎంత సులువైన అర్థం చెప్పుకుంటుందో!

ఏడు నెలలు గడిచాయి. ఒకనాడు దగ్గరి పల్లెలో పెండ్లి చేయించి, పని తొందరగా ముగియడంతో, మధ్యాహ్నం రెండు గంటలకు ఆశ్రమానికి వెళ్ళాను. ఇది చూసే సమయం కాదని కాపలాదారు అన్నాడు. తెలిసినవాడినే కదా అని లోపలికి నడిచాను. ముందు హాలు దాటి అటువైపు నేను ఎన్నడూ అడుగు పెట్టలేదన్న సంగతి అప్పుడు గాని నాకు తోచలేదు.

కిటికీలు మూసిన పొడుగాటి గది. దగ్గర దగ్గరగా పదిహేను మంచాలు. మనుషులున్నారు, మాట లేదు. సాంబ్రాణి ఇంకా వెయ్యలేదు కనుక ఆ గదికి ఉన్న వాసన నాకు తెలిసింది. ఇద్దరు ఆయాలు వెనుక పెరట్లో గిన్నెలు తోముతున్నారు. పిన్ని వెల్లకిలా పడుకుని పైకప్పును చూస్తున్నది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. మంచినీళ్ళ గ్లాసు ఉన్నది, నిండుగానే ఉన్నది, కాని కాళ్ళ వైపున స్టూలు మీద ఉన్నది. ఎత్తి కూర్చోబెట్టబోతే కేక పెట్టింది. దుప్పటి వీపుకు అంటుకుపోయింది. నడుము కింద, వెన్నెముక చివర, అరచేయంత పుండు.

ఆసుపత్రిలో కట్టు కట్టిన నర్సు నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగింది: “పంతులుగారూ, ఈమెను పక్కకు ఎన్నిసార్లు తిప్పుతున్నారు?” నాలుగు వేల పనసలు నోటికి వచ్చిన నాకు ఆ ప్రశ్న అర్థమే కాలేదు. ఆమె ఓపికగా చెప్పింది. తనంతట తాను కదలలేని మనిషిని సాధారణంగా రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. లేకుంటే ఎముకకు, పరుపుకు మధ్య చర్మం నలిగి, రక్తం ఆడక చచ్చిపోతుంది. వెన్నెముక చివర, తుంటి పక్కలు, మడమలు ముందు చెడతాయి. మొదట ఎర్రటి మచ్చ కనిపిస్తుంది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోకపోతే అది రాబోయే పుండు అని గుర్తు. అప్పుడే చూసుకుంటే మానుతుంది. తరువాత నెలలు పడుతుంది, ఒక్కొక్కసారి ప్రాణాలే పోతాయి.

ఆశ్రమ నిర్వాహకుణ్ణి అడిగితే, “ముసలి ఒళ్ళు, పుండ్లు మామూలే” అన్నాడు. ఆ ఆయాలను తిట్టడానికి మాత్రం నాకు నోరు రాలేదు. పగలు ఇద్దరు, రాత్రి ఒక్కతె. వంటపాత్రలు, బట్టలు, పదిహేను మంది మలమూత్రాలు అన్నీ వారివే. ఈ విద్య వారికి ఎవరూ నేర్పలేదు. నేను మాత్రం అక్షరం వచ్చినవాడిని, అడగగలిగినవాడిని, ఏడు నెలలపాటు ముందు హాలులో కూర్చుని కాఫీ తాగి వచ్చినవాడిని.

మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుని కథ మీరందరూ విన్నదే. చదువుకున్న బ్రాహ్మణుడైన కౌశికుడు ధర్మం తెలుసుకోవడానికి మిథిలలో మాంసం అమ్ముకునే ఒక వ్యాధుని దగ్గరికి పోతాడు. పురాణ కాలక్షేపాలలో మేమందరం అక్కడ వ్యాధుడు చెప్పిన ధర్మసూక్ష్మాలనే విస్తరించి చెబుతాము. నేనూ ముప్పై ఏళ్ళు అలాగే చెప్పాను. పిన్ని సంగతి జరిగాక మళ్ళీ ఆ ఘట్టం చదివితే వేరొక విషయం కనిపించింది. వ్యాధుడు తన ధర్మానికి ప్రత్యక్ష ప్రమాణం చూపిస్తానని అతిథిని ఇంటి లోపలికి తీసుకుపోతాడు. ఇల్లు ఎలా ఉన్నదో, ఆసనాలూ శయ్యలూ ఎలా ఉన్నాయో, తల్లిదండ్రులు భోజనం చేసి తెల్లని వస్త్రాలతో ఎంత సంతోషంగా కూర్చున్నారో కౌశికుడు కళ్ళారా చూస్తాడు. ఆ తరువాతనే మిగిలిన సంభాషణ. నీ తల్లిదండ్రులను వదిలి వచ్చావు, నీకోసం ఏడ్చి వారు చూపు పోగొట్టుకున్నారు, తిరిగి వెళ్ళమని వ్యాధుడు చెప్పేది కూడా అక్కడే. లోపలికి తీసుకుపోయి పడక చూపించగలిగినవాడే అంత మాట అనగలడు.

చరకసంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పారు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకునికి మళ్ళీ నాలుగు గుణాలు కావాలన్నారు. పరిచర్య చేసే విధానం తెలిసి ఉండడం, నేర్పు, అనురాగం, శుచి. తెలిసి ఉండడాన్ని మొదట చెప్పి, అనురాగాన్ని మూడవదిగా చెప్పడం గమనించండి. “ప్రేమగా చూసుకుంటాము” అని ప్రతి ఆశ్రమం బోర్డు మీదా రాసి ఉంటుంది. ఆ మాటను నేను తక్కువ చేయను. మంచం మీది మనిషిని ఎలా తిప్పాలో తెలుసునా అన్న ప్రశ్నను మాత్రం దానికి ముందు అడగాలి.

అడగడం ఎలాగో నాకు నేర్పినది ఒక విశ్రాంత నర్సు. మా ప్రాంతంలోనే అద్దె ఇంట్లో పన్నెండు మంది వృద్ధులను చూసుకుంటున్నది. పుండు కొంత మానిన తరువాత పిన్నిని అక్కడ చేర్చాను. ఆ ఇంట్లో అప్పటికి పూజగది లేదు, గోడకు ఒక క్యాలెండరు తప్ప. నా ప్రశ్నలతో నేను సిద్ధంగా వెళితే, ఆమే నన్ను గంటసేపు ప్రశ్నించింది. మామ్మగారికి ఏ చెవి బాగా వినిపిస్తుంది? రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? కట్టుడు పళ్ళు ఉన్నాయా? ఏమని పిలిస్తే పలుకుతారు? చీకటి అంటే భయమా? వాడుతున్న మందుల చీటీలు ఏవి? చివరిసారి బరువు ఎప్పుడు చూశారు? వీటిలో సగానికి నాకు జవాబు తెలియదు. నా అనుభవంలో మంచి ఆశ్రమానికి ఇది తొలి గుర్తు. మీ డబ్బు గురించి కాక, మీ మనిషి గురించి ఎక్కువ అడుగుతారు. శుశ్రూష అనే మాట ‘శ్రు’ ధాతువు నుంచి వచ్చినది, వినాలనే కోరిక అని దాని మొదటి అర్థం.

మడి విషయంలో నాకు భయం ఉండేది. ఉల్లి, వెల్లుల్లి లేకుండా విడిగా వండుతానని, మడి కట్టుకోవడం మాత్రం తన వల్ల కాదని ఆ నర్సు ముందే చెప్పింది. పిన్ని కాసేపు ఆలోచించి, “చేతులు కడుక్కుంటుందా?” అని నన్ను అడిగింది. కడుక్కుంటుందన్నాను. “అయితే చాలులే” అన్నది. అరవై ఏళ్ళ నిష్ఠ అంత తేలికగా సర్దుకుంటుందని నేను ఊహించలేదు.

అక్కడ ప్రతి మంచానికి ఒక మేకు, మేకుకు దారంతో కట్టిన నోటు పుస్తకం. ఏ గంటకు ఏ పక్కకు తిప్పారు, ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగించారు, విరేచనం అయినదా, ఏ మందు ఎవరు వేశారు, ఎవరి సంతకం. రాత్రి రెండు గంటల గడి కూడా నిండి ఉండాలి. ఆశ్రమానికి వెళ్ళినప్పుడు ఇలాంటి పుస్తకం చూపించమని అడగండి. అన్ని గడులూ ఒకే చేతిరాతతో, ఒకే కలంతో, ఒకే రోజు రాసినట్లు ఉంటే అది కూడా ఒక సమాధానమే.

వెళ్ళే సమయం మీరు ఎంచుకోండి. చెప్పకుండా వెళ్ళండి. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, రాత్రి భోజనాల వేళ ఒకసారి, తెల్లవారి ఆరింటికి ఒకసారి. నియమిత సమయంలో తప్ప రానివ్వమంటే కారణం అడగండి. వృద్ధుల నిద్ర చెడకూడదనడం సబబే, కాని సొంత మనిషి పడక దగ్గరకు ఎన్నడూ పోనివ్వకపోవడం సబబు కాదు. మీ అమ్మగారితో ఒంటరిగా మాట్లాడండి. తనకు అన్నం పెట్టే మనిషి పక్కన ఉండగా ఏ వృద్ధురాలూ లోపం చెప్పదు. చెప్పకపోయినా చేతిగోళ్ళు చూడండి, చెవుల వెనుక చూడండి, నోరు శుభ్రంగా ఉన్నదేమో చూడండి. గాజులు మోచేతిదాకా జారుతున్నా, రవిక వదులైనా కుట్టినవారిని తప్పు పట్టకండి, బరువు తూయమనండి. కొడుకులకు తల్లి వీపు చూడడానికి మొగమాటం ఉంటుంది. కూతురినో, కోడలినో తీసుకువెళ్ళండి.

నీళ్ళ సంగతి మరీ ముఖ్యం. మన మెట్ట ప్రాంతపు ఎండలు మీకు తెలియనివి కావు. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. వయసు మళ్ళిన వారికి శరీరంలో నీరు తగ్గినా దాహం అంతగా తెలియదు. పైగా మూత్రానికి లేపవలసి వస్తుందని, ఆయాను ఇబ్బంది పెట్టడం ఎందుకని తామే తాగడం మానుకుంటారు. అందువల్ల అడిగితే ఇస్తాము అనే చోట నీళ్ళు ఇవ్వనట్లే లెక్క. గ్లాసు చేతికి అందే చోట ఉన్నదో లేదో చూడడానికి ఏ వైద్యమూ తెలియనక్కర లేదు.

అన్నం పెట్టే పద్ధతి చూడండి. పడుకోబెట్టి నోట్లో పోస్తే ఆహారం శ్వాసనాళంలోకి పోయి ఊపిరితిత్తులు చెడతాయి. కూర్చోబెట్టి, మింగేదాకా ఆగి, తిన్నాక అరగంటపాటు ఆ విధంగానే ఉంచాలి. పదిమందికి ఒక మనిషి తినిపిస్తుంటే అంత వ్యవధి ఉండదని మీరే లెక్క కట్టగలరు. స్నానపు గదిలో నేల తడిగా, నునుపుగా ఉన్నదా, పట్టుకోవడానికి గోడకు కమ్మీ ఉన్నదా, రాత్రి దీపం వెలుగుతుందా చూడండి. తుంటి ఎముకలు ఎక్కువగా విరిగేది అలాంటి చోట్లనే. రాత్రి తలుపులకు బయట తాళం వేస్తారా, వేస్తే నిప్పు అంటుకున్న నాడు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. ఇక నిద్రమాత్రలు. పగటిపూట కూడా అందరూ మత్తుగా పడి ఉంటే ఆ ప్రశాంతతను చూసి ముచ్చటపడవద్దు. ఏ మాత్ర, ఏ వైద్యుడు రాసినది, ఎందుకు అని చీటీ అడగండి.

ఆయాలతో రెండు మాటలు మాట్లాడండి. ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నావమ్మా, జీతం వేళకు ఇస్తున్నారా అని. నెలనెలా మనుషులు మారిపోయే చోట మీ పెద్దల అలవాట్లు ఎవరికీ తెలియవు. పింఛను వచ్చే వృద్ధులైతే ఆ డబ్బు ఎవరి చేతికి పోతున్నదో కూడా విచారించండి. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు అయినది, అది చిన్న మొత్తం కాదు.

మరొక విషయం మన ప్రాంతానికి ప్రత్యేకమైనది. 2023 జూలైలో మునేరు పొంగి ఐతవరం వద్ద జాతీయ రహదారి మునిగింది. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన వానలకు మళ్ళీ అదే జరిగింది, ఈ మారు ఇటు గరికపాడు వద్ద పాలేరు వంతెన కూడా దెబ్బతిన్నది. అటు విజయవాడకు, ఇటు కోదాడకు దారి లేని రోజు అది. అలాంటి రోజున ఆశ్రమంలో ఎన్ని దినాల మందులు ఉన్నాయి? కరెంటు లేకపోతే ఇన్సులిన్ చల్లగా ఎలా ఉంచుతారు? ఊరి బయట నుంచి వచ్చే ఆయా రాలేకపోతే రాత్రి ఎవరు ఉంటారు? ఈ మూడూ అడిగి చూడండి. ఆలోచించినవారు వెంటనే చెబుతారు.

లోపలికి పోయి చూడని చోట ఎంతదాకా జరుగుతుందో 2020 జనవరిలో పత్రికలలో చదివాము. హైదరాబాదు శివారు నాగారంలో ఆశ్రమం పేరుతో నడిచిన ఒక ఇంట్లో 70 మందికి పైగా వృద్ధులను, మతిస్థిమితం లేనివారిని ఇరుకుగా కుక్కి ఉంచగా, కొందరికి గొలుసులు కూడా వేయగా పోలీసులు విడిపించారు. వారందరికీ అయినవారు లేకపోలేదు. కొందరిని ఇంటివారే తెచ్చి, డబ్బు కట్టి చేర్చినారు.

చట్టం ఉన్నది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. వృద్ధులను ఉద్దేశపూర్వకంగా వదిలివేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పోషణ కోసం తల్లిదండ్రులు ఫిర్యాదు చేసుకునేది రెవెన్యూ డివిజన్ స్థాయి ట్రిబ్యునల్‌లో. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినప్పుడు నందిగామ డివిజన్ కేంద్రమైనది, జగ్గయ్యపేట దాని పరిధిలోనిదే. పేద వృద్ధుల ఆశ్రమాల కోసం కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా నియమాలలో పడకగదిలో మనిషికి 7.5 చదరపు మీటర్ల చోటు ఉండాలని, చేతికమ్మీలు ఉండాలని రాసి ఉన్నది. మా పిన్ని పడుకున్న గదిని ఆ లెక్కన కొలిస్తే ఆరుగురో ఏడుగురో పట్టేవారు. ఆశ్రమంలో అన్యాయం కనిపిస్తే 14567 అనే వయోవృద్ధుల సహాయ నంబరుకు ఎవరైనా ఫోను చేయవచ్చు. 2021 అక్టోబరు 1 నుంచి అది దేశమంతటా ఉన్నది. జిల్లా వయోవృద్ధుల సంక్షేమ శాఖకు, కలెక్టరుకు అర్జీ ఇవ్వవచ్చు.

దాతలకు కూడా ఒక మనవి. తల్లిదండ్రుల తిథికి, పిల్లల పుట్టినరోజుకు ఆశ్రమాలలో అన్నదానం చేయడం మన దగ్గర బాగా పెరిగింది. సంతోషం. కాని పులిహోర, లడ్డూలు పంచి, ఫోటో దిగి, అరగంటలో వెళ్ళిపోతున్నాము. చక్కెర వ్యాధి ఉన్నవారి చేతిలో రెండు లడ్డూలు పెట్టి నమస్కరించినవారిని చూశాను. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో తల్లినీ తండ్రినీ దైవంగా చూడమన్న ఉపదేశం అందరికీ తెలుసు. ఆ వెంటనే ఎలా ఇవ్వాలో కూడా చెప్పారు. శ్రద్ధతో, వినయంతో అంటూ చివరకు తెలివిడితో ఇవ్వమన్నారు. ఆ పూట లడ్డూలకు బదులు నాలుగు గాలి పరుపులు కావాలేమో, రాత్రి ఆయాకు ఒక నెల జీతం కావాలేమో లోపల అడిగి చూడండి. అడిగే వంకతో పడకలు కూడా చూసినట్లవుతుంది.

నేను మాట ఇచ్చి పంపిన ఆ రెండు కుటుంబాల దగ్గరికి పిన్నిని ఆసుపత్రిలో చేర్చిన వారంలోనే వెళ్ళాను. నేను చెప్పినది తప్పు, నేను ముందు గదే చూశాను అని చెప్పాను. ఒకరు మరునాడే వెళ్ళి తమ తండ్రిని తెచ్చుకున్నారు. మరొకరు, “మాకు అక్కడ బాగానే ఉన్నదండీ” అని ముక్తసరిగా అన్నారు. ఆ తరువాత ఆలయానికి వచ్చినా నాతో మాట్లాడడం తగ్గించారు. వారి తల్లిగారు అక్కడే పోయారని తరువాత విన్నాను. ఎలా పోయారో అడిగే అర్హత నాకు లేదనిపించి అడగలేదు.

పిన్ని ఆ నర్సు ఇంట్లో రెండేళ్ళకు పైగా ఉన్నది. పుండు పూర్తిగా మానడానికి అయిదు నెలలు పట్టింది. 2021 చలికాలంలో ఒక రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయింది. అపరకర్మలు ముగిశాక ఆ నోటు పుస్తకం ఇమ్మని నర్సును అడిగాను. “ఇవ్వకూడదు పంతులుగారూ, డాక్టరుగారు చూడాలి” అని, నా ఎదుటనే పుటలు తిప్పి చూపించింది. ఆ చివరి రాత్రి పన్నెండు గంటల గడిలో ఎడమ పక్క అని, రెండు గంటల గడిలో కుడి పక్క, నీళ్ళు రెండు చెంచాలు అని రాసి ఉన్నది. నాలుగు గంటల గడి ఖాళీగా ఉన్నది.

ఇప్పటికీ ఆ వైపు పెండ్లికో, వ్రతానికో వెళ్ళినప్పుడు, వేళకాని వేళ ఆ ఇంటికి వెళ్ళి, చెప్పకుండా వెనుక గదిదాకా నడుస్తాను. ఆమె ఇంతవరకు ఒక్కసారి కూడా నన్ను ఆపలేదు.